ప్రామాణిక స్థితిలో నూకరత్నం

మనిషికి ముందూ వెనకా ఉంటాయన్న సంగతి మా జిల్లా వైద్య ఆరోగ్య కార్యాలయానికి మొన్న ఆషాఢం దాకా అధికారికంగా తెలియదు. తెలియకపోయినా పని జరిగిపోతూనే ఉండేది. ఎవరైనా వచ్చి "నడుం పట్టేసిందండీ" అంటే నడుమే అనుకునేవాళ్ళం. ఆ నడుం దేనికి ఎగువన ఉంది, దేనికి దిగువన ఉంది, ఒంటి మధ్యగీతకి ఎంత ఎడంగా ఉంది అని ఆరా తీసేవాళ్ళం కాదు. ఇంత అజ్ఞానంతో ఇన్నేళ్ళు ఒక జిల్లాని ఎలా నెట్టుకొచ్చామా అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆషాఢంలో సర్క్యులర్ వచ్చింది. 'ప్రామాణిక దేహవర్ణన కార్యక్రమము' దాని పేరు. పద్దెనిమిది పేరాలు, మూడు అనుబంధాలు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని కాబట్టి దాన్ని పైకి చదివే భాగ్యం నాకే దక్కింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మానవదేహమును వర్ణించుటలో సిబ్బంది ఎవరికి తోచిన మాటలు వారు వాడుచున్నట్లు దృష్టికి వచ్చినది. ఇకమీదట నిటారుగా నిలబడి, ముఖము ఎదురుగా నుంచి, చేతులు పక్కలకు వ్రేలాడదీసి, అరచేతులు ముందుకు త్రిప్పిన స్థితిలో ఉన్నదానిని మాత్రమే దేహముగా పరిగణించవలెను."

ఈ చివరి వాక్యాన్ని మా ఏవో గారు రెండోసారి చదివించుకున్నారు. ఆయన పేరు పరిపూర్ణం. మా కార్యాలయ పరిపాలనాధికారి. ముప్పై మూడేళ్ళ సర్వీసు, రిటైర్మెంటుకి ఇంకో నాలుగు నెలలు. ఇంతకుముందు ఎవరైనా పెట్టారని రుజువు దొరికితే తప్ప ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి. చెడ్డవారు కాదు. తుమ్ము వచ్చినా మాన్యువల్లో ఉందేమో చూసుకుని తుమ్మే రకం, అంతే.

"బాగుందయ్యా, 'మాత్రమే' అన్నారు చూడు, ఇంక వాదనకి తావు లేదు" అన్నారు.

కార్యక్రమం అమలుకి నోడల్ ఆఫీసరుగా చక్రధర్ అనే కుర్ర డాక్టరుని వేశారు. రాజధానిలో మూడు రోజులు శిక్షణ పొంది, ఒక ప్లాస్టిక్ అస్థిపంజరాన్నీ అంతులేని ఉత్సాహాన్నీ వెంటబెట్టుకుని బస్సు దిగాడు. అస్థిపంజరానికి కూడా టికెట్టు కొట్టారట.

మర్నాడే మీటింగు హాల్లో మాకు తరగతి.

"ఒంటికి ముందు వైపుని పూర్వాంతం అంటారు. వెనక వైపు పరాంతం. తల వైపుది ఊర్ధ్వం, కాళ్ళ వైపుది అధో. మధ్యగీతకి దగ్గరగా ఉంటే అభిమధ్యం, ఎడంగా ఉంటే పార్శ్వం. కాళ్ళూ చేతుల విషయంలో మాత్రం మొండేనికి దగ్గరిది సమీపాగ్రం, దూరంగా ఉన్నది దూరాగ్రం" అని అస్థిపంజరాన్ని బెత్తంతో తడుతూ చెప్పాడు చక్రధర్.

"మరి మోచెయ్యి?" అన్నారు ఏవో గారు నోట్సు రాసుకుంటూ.

"మణికట్టుతో పోలిస్తే సమీపాగ్రం, భుజంతో పోలిస్తే దూరాగ్రం సార్."

"ఒకే మోచెయ్యి రెండూనా?" ఏవో గారి కలం ఆగిపోయింది. "ఏదో ఒకటి ఖాయం చేస్తూ ప్రొసీడింగ్స్ ఇచ్చేస్తే పోలా?"

అటెండరు తవుడు వెనక బెంచీ నుంచి చెయ్యెత్తాడు. "సార్, మరి కూకున్నోడికి ఎలగండి?"

"కూర్చున్నవాడు కూడా నిలబడినట్టే లెక్క."

"తొంగున్నోడికి?"

"నిలబడినట్టే. పోయినవాడు కూడా నిలబడినట్టే."

తవుడు చాలాసేపు ఆలోచించాడు. "అయితే మన ఆపీసులో ఇన్నాళ్ళూ ఎవులూ కూకోనేదన్నమాట" అన్నాడు. ఏవో గారు దాన్ని మినిట్సులో ఎక్కించవద్దన్నారు.

వారం తిరక్కుండా కార్యాలయం వికసించింది. సెక్షన్లో ఎవరూ పక్కకి జరగడం లేదు, పార్శ్వంగా జరుగుతున్నారు. టైపిస్టు సువర్ణ గారు మొగుడికి ఫోన్ చేసి, తాళంచెవి పూలకుండీకి పరాంతంగా ఉందని చెప్పి, ఆయన సాయంత్రం దాకా గుమ్మంలోనే ఉన్నా చలించలేదు. కింద ఓపీ విభాగంలో చీటీ రాసే చోట నేల మీద ఎర్ర రంగుతో రెండు పాదాలు గీయించారు. రోగి వాటి మీద నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి, బాధ ఎక్కడో అనుబంధం రెండులోని మాటల్లో చెప్పాలి.

ఒకాయన కడుపునొప్పని వచ్చాడు. "బొడ్డుకి ఊర్ధ్వమా, అధోనా?" అని అడిగారు. "బొడ్డు సుట్టూరానండి" అన్నాడు. 'చుట్టూరా' అనేది అనుబంధంలో లేదు. బయట బెంచీ మీద కూర్చుని, సారీ, నిలబడినట్టే కూర్చుని ఆలోచించుకు రమ్మన్నారు. రెండు గంటలు ఆలోచించి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. చక్రధర్ దీన్ని కార్యక్రమం సాధించిన తొలి చికిత్సగా నివేదికలో రాశాడు.

ఇంతవరకూ అందరం సంతోషంగానే ఉన్నాం. చిక్కు ఏడో పేరాతో వచ్చింది.

ఏడో పేరా సిబ్బంది పుట్టుమచ్చల గురించి. మన పదో తరగతి సర్టిఫికెట్లో అడుగున రెండు గుర్తింపు మచ్చలు రాసి ఉంటాయి కదా, వాటిని ప్రామాణిక స్థితిలో నిలబెట్టిన దేహంతో సరిచూడాలట. "ఏ దేహము ఏ రికార్డుతో సరిపోలునో ఆ రికార్డు ఆ దేహమునకే చెందును. ఏ రికార్డుతోను సరిపోలని దేహమును అనామకముగా భావించి, కార్యాలయ ఆవరణ నుండి సగౌరవముగా పంపివేయవలెను."

ఈ మచ్చలు ఎలా పుట్టాయో ప్రభుత్వానికి తెలియకపోవచ్చు గానీ మనకి తెలుసు. పదో తరగతి ఫారాలు నింపే రోజు మేష్టారు కుర్చీలో కూర్చుంటారు. పిల్లలు వరసలో వస్తారు. "ఏదీ, చెయ్యి చాపు" అంటారు. చేతి మీద కనిపించిన మచ్చ మొదటిది. ఆడపిల్లలని ఇంకెక్కడ మచ్చలున్నాయని ఏ మేష్టారు అడుగుతారు? అందుకని రెండోది అందరికీ ఒకటే, గడ్డం కింద దెబ్బ మచ్చ. చిన్నప్పుడు గడ్డం పగలని పిల్లలు మా జిల్లాలో లేరు కాబట్టి అదీ నిజమే.

చక్రధర్ నాలుగు వందల పన్నెండు మంది చొక్కా చేతులు మడిపించి చూశాడు. గడ్డాలన్నీ సరిపోయాయి. చేతుల దగ్గర మాత్రం ఎనభై ఏడు మంది తేడా వచ్చారు. రికార్డులో ఎడమ అని ఉంటే ఒంటి మీద కుడి, రికార్డులో కుడి అని ఉంటే ఒంటి మీద ఎడమ.

"సార్, వీళ్ళెవరూ వీళ్ళు కారు!" అని గుమ్మంలోనే కేక పెట్టాడు.

ఏవో గారు కంగారు పడలేదు. "పేరా చూడవయ్యా. సరిపోలిన రికార్డు ఆ దేహానికే చెందును అన్నారు. ఎడమవాళ్ళకి కుడివాళ్ళని జత కలిపి రికార్డులు మార్చెయ్. ఎవరూ అనామకం కారు, పని ఆగదు" అన్నారు.

ఆ ఆలోచనకి ఆయన్ని మెచ్చుకోవాలి. రెండు రోజుల్లో ఎనభై ఆరు మంది జతపడ్డారు. జీపు డ్రైవరు సూర్యారావు కాగితాల మీద ల్యాబు టెక్నీషియను అయ్యాడు, ల్యాబు టెక్నీషియను సూర్యారావు అయ్యాడు. పనులు ఎవరివి వాళ్ళే చేసుకుంటున్నారు. సంతకాలే కొత్త పేర్లతో పెడుతున్నారు. ఎనిమిదో పేరా ప్రకారం సంతకం రికార్డుతో పోతుంది, దేహంతో పోదు.

ఎనభై ఆరు సరిసంఖ్య. ఎనభై ఏడు కాదు. మిగిలిపోయిన ఒక్క దేహం నూకరత్నం.

నూకరత్నం దేవుడివలస ఉపకేంద్రంలో ఏఎన్ఎం. పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీదే చేస్తోంది. కొండ కింద పదకొండు ఊళ్ళలో ఆమె చేతి సూది తినకుండా పెరిగిన పిల్ల లేదు. టీకా డబ్బా భుజాన వేసుకుని, మేం గెడ్డ అనే కొండవాగు దాటి నడిచిపోతుంది. మా అత్తగారి ఊరు అదే కనక, మా అమ్మాయి పుట్టినప్పుడు మొదటి మూడు సూదులూ ఆమే వేసింది. ఇన్నేళ్ళకి ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తర్వు తయారైంది. ఏవో గారి సంతకమే తరువాయి. ఆ నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపు సంతకం పడకపోతే పోస్టు మురిగిపోతుంది. కాంట్రాక్టు కూడా ఆ రోజుతోనే ఆఖరు.

జతలన్నీ అయ్యాక మరోసారి చూద్దామని పిలిపిస్తే వచ్చి, ఎర్ర పాదాల మీద నిలబడి అరచేతులు తిప్పింది. చక్రధర్ భూతద్దం పెట్టి చూశాడు. "పుట్టుమచ్చ, కుడి ముంజేయి, పూర్వాంత తలం, దూరాగ్ర భాగం, బొటనవేలి వైపు, అంటే పార్శ్వం" అని రాసుకున్నాడు. సర్టిఫికెట్ తీశాడు. 'ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ' అని ఉంది.

"మీరు నూకరత్నం కారు" అన్నాడు, వీలైనంత మర్యాదగా.

"అదేటి సార్? మరి నానెవుర్ని?"

"అది కార్యక్రమం పరిధిలోకి రాదమ్మా. మీకు వ్యతిరేక దేహం ఒకటి దొరికితే చాలు, జత కలిపేస్తాను. కుడి అని రికార్డు ఉండి, ఎడమ వైపు మచ్చ ఉన్నవాళ్ళు. ప్రస్తుతానికి స్టాకు అయిపోయింది."

ఆమె ఏవో గారి దగ్గరికి వచ్చింది. నేను ఫైలు పట్టుకుని పక్కనే ఉన్నాను. "సార్, నాను మీకు తెలుసు కదండీ" అంది.

ఏవో గారు ఇబ్బందిగా కదిలారు. "తెలియడం వేరమ్మా, రికార్డు వేరు" అన్నారు.

సువర్ణ గారు జాలిపడి ఒక ఉపాయం చెప్పారు. ఎడమ చేతి మీద అదే చోట ఒక పచ్చబొట్టు చుక్క పొడిపించుకుంటే సరిపోతుంది కదా అని. నూకరత్నం తన రెండు చేతులూ చూసుకుంది. "నా సెయ్యి తప్పు సెయ్యనేదమ్మా. రాసినోల సెయ్యి సేసింది. ఆరినే అడుగుతాను" అంది.

నాకు ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు. ఆమెని నా బండి మీద ఎక్కించుకుని బయల్దేరాను. ఆమె పదో తరగతి ఫారం నింపిన లింగమూర్తి మేష్టారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. సంగతి విని ఏమీ దాచలేదు.

"ఆ రోజు అరవై రెండు మంది పిల్లలు నాయనా. సాయంత్రం బస్సుకి ఫారాలు ఎల్లిపోవాల. నాను కుర్చీలో కూర్చునీవోణ్ణి, పిల్ల నాకెదురుగా నిలబడీది. నా ఎడం పక్క ఏ సెయ్యుంటే అది ఎడం సెయ్యి అని రాసీవోణ్ణి. మరి రాసీది నానే కదా!" అన్నారు. తరువాత నూకరత్నం వైపు చూసి, "నువ్వు మూడో బెంచీలో కూర్చునీదానివి. లెక్కల్లో కొంచెం ఎనకబడీదానివి. బాగున్నావా అమ్మా?" అన్నారు. నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. ఆ పది రోజుల్లో ఆమెని ఆమెగా గుర్తుపట్టిన మొదటి మనిషి ఆయనే.

మేష్టారు వాంగ్మూలం రాసివ్వడమే కాదు, మర్నాడు బస్సెక్కి ఆఫీసుకి వచ్చారు. చక్రధర్ ఎంతో గౌరవంగా ఆయనకి నీళ్ళిచ్చి, ఎర్ర పాదాల మీద నిలబెట్టాడు. వాంగ్మూలం ఇచ్చే దేహాన్ని కూడా సరిచూడాలి కదా. వచ్చిన చిక్కల్లా మేష్టారు ఎప్పుడో సైకిలు మీంచి పడితే ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. కుడి అరచెయ్యి ముందుకి తిరిగింది, ఎడమది వెనక్కే ఉండిపోయింది.

"సార్, ఈ దేహానికి ఒక చెయ్యి ముందుకీ ఒక చెయ్యి వెనక్కీ ఉంది. ముందేదో తేలడం లేదు" అన్నాడు చక్రధర్.

"నా ముందేదో నాకు తెలుసు నాయనా. నీ మొహం కనిపిస్తంది కదా" అన్నారు మేష్టారు.

"అది మీ అభిప్రాయం" అన్నారు ఏవో గారు. ప్రామాణిక స్థితికి రాని దేహాన్ని దేహంగా పరిగణించరాదు కనక, దేహం కాని దాని వాంగ్మూలాన్ని ఫైలులో పెట్టరాదని నోట్ రాయించారు. ఆ నోట్ నా చేత్తోనే రాశాను. మేష్టారిని బస్సెక్కించి వచ్చిందీ నేనే.

శుక్రవారం వచ్చింది. నూకరత్నం పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుంది. మర్నాడు శనివారం, టీకాల రోజు. ఉత్తర్వు వచ్చినా రాకపోయినా తీసుకెళ్ళాలని ఖాళీ ఐస్ డబ్బా పక్కన పెట్టుకుంది. మూడున్నరకి చక్రధర్ తన జాబితా పట్టుకుని ఏవో గారి గదిలోకి వచ్చాడు. జాబితాలో నూకరత్నం కాక ఇంకొక్క పేరు మిగిలింది.

"సార్, మీది."

"నాదా? సరే, అధికారిది ఆఖరున చెయ్యడమే పద్ధతి" అని ఏవో గారు లేచి, కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, తన గదిలోనే నేల మీద నిటారుగా నిలబడ్డారు. అరచేతులు ముందుకు తిప్పారు. ఆ స్థితిలో నిలబడటం ఆయనకి ఎంత బాగా వచ్చో చెప్పలేను. జిల్లాలో ఇంకెవరూ అలా నిలబడలేదు.

చక్రధర్ అద్దం పెట్టాడు. పుట్టుమచ్చ ఎడమ ముంజేతి మీద ఉంది. సర్టిఫికెట్ తీశాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. అతని మొహం విప్పారింది.

"ఎనభై ఎనిమిది!" అన్నాడు. "సార్, సరిసంఖ్య అయిపోయింది! మీ రికార్డులో కుడి అని ఉంది, మీకు ఎడమ. ఆవిడ రికార్డులో ఎడమ, ఆవిడకి కుడి. గడ్డాలు ఎలాగూ ఒకటే. మీరే ఆవిడ వ్యతిరేక దేహం!"

ఏవో గారు అరచేతులు అలాగే ఉంచి అడిగారు. "నేను జతపడనంటే?"

"ఏ రికార్డుతోనూ సరిపోలని దేహం అవుతారు సార్. అనామకం. సగౌరవంగా..."

"మరి నాలుగు నెలల్లో రిటైరయ్యేదెవరు?"

"ఎవరూ కారు సార్."

ఏవో గారు కాసేపు లోపల్లోపల పేరాలు తిరగేశారు. అనామకుడిగా ఉండటం కన్నా నూకరత్నంగా ఉండటమే సర్వీసు రీత్యా మేలని తేలినట్టుంది. తల ఊపారు. చక్రధర్ కంప్యూటర్లో రెండు మీటలు నొక్కాడు. నాలుగింబావుకి దేవుడివలస ఏఎన్ఎం నూకరత్నం నా ఎదురుగా కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు. కార్యాలయ పరిపాలనాధికారి పరిపూర్ణం ఐస్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

విషయం చెప్పి ఆమెని ఏవో గారి కుర్చీలో కూర్చోబెట్టాం. కుర్చీ అంచునే కూర్చుంది. ముందు ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొదట కంగారు పడింది తన ఉద్యోగం గురించి కాదు.

"సార్, రేపు శనివారం. తొమ్మిదింటికే పిల్లలు వచ్చీస్తారు. మీరు ఏడింటికల్లా ఐస్ పట్టుకోవాల. గెడ్డలో నీళ్ళున్నాయి, పంచె అయితే కష్టం. నెలల పిల్లలకి ఎడం తొడకి ఎయ్యాల."

"నాకు సూదంటే భయం" అన్నారు ఏవో గారు చిన్నగా. ముప్పై మూడేళ్ళు ఆరోగ్య శాఖలో చేసి ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి అనుకుంటాను.

నేను సర్క్యులర్ తిరగేశాను. ఏడు, ఎనిమిది పేరాలు అందరికీ నోటికొచ్చు. తరువాతవి ఎవరూ చదవలేదు. పద్నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. పైకి చదివాను.

"పై పేరాలలో ఏమి యున్నప్పటికిని, సదరు వ్యక్తిని తాను స్వయముగా ఎరుగుదునని పరిపాలనాధికారి లిఖితపూర్వకముగా ధ్రువీకరించినచో, దేహపరీక్షతో నిమిత్తము లేదు."

కాగితం ఏవో గారి ముందు పెట్టాను. అడిగాను. "సార్, ఇది మీరు చూడలేదా?"

"చూడకేం? వచ్చిన రోజే చూశాను." ఏవో గారు నేల చూపులు చూశారు. "ఎరుగుదునని రాస్తే రేపు ఆడిట్లో అడుగుతారయ్యా, నీకెలా తెలుసు అని. అన్నిటికీ అనుబంధాలు ఇచ్చారు. ఎరగడం ఎలాగో దానికి ఇవ్వలేదు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ. పద్నాలుగేళ్ళుగా ఆమె హాజరు కాగితాలు నా బల్ల మీదుగానే పోయాయి. నా కూతురికి సూది వేసిన చెయ్యి అది. అయినా వాంగ్మూలం చెల్లదని నోట్ రాసింది నేనే.

గడియారం నాలుగూ ముప్పై ఐదు. నేను వంగి నూకరత్నం చెవిలో చెప్పాను. "అమ్మా, ఇప్పుడు సంతకం మీది. ఆయన్ని ఆయనగా ధ్రువీకరిస్తే సంతకం ఆయనకి వెళ్ళిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. ముందు మీ గురించి మీరు రాసేసుకోండి."

ఆమె కలం వైపు చూసింది. ఆ కలం కోసం ఆమె పద్నాలుగేళ్ళు తిరిగింది.

"నన్ను నానెరుగుదునని నానే రాసుకుంటే ఎవులొప్పుతారు బాబూ? రేపు నా మూలాన మీకు మాటొస్తాది" అంది.

ఏవో గారు బల్ల ముందుకి వచ్చి, అలవాటు కొద్దీ నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పారు. చొక్కా చేతులు ఇంకా మడిచే ఉన్నాయి. చక్రధర్ అద్దం అందించబోయాడు.

నూకరత్నం అద్దం తీసుకోలేదు. "సేతులు దించీండి సార్. పద్నాలుగేళ్ళ నుంచి సూత్తన్నాను. మీరు మీరే" అంది.

కాగితం తీసుకుని, ఆయన్ని తాను ఎరుగుదునని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. కింద పరిపూర్ణం అని సంతకం పెట్టింది. లేచి, కుర్చీ ఖాళీ చేసి, డబ్బా పట్టుకుని పక్కకి నిలబడింది.

ఏవో గారు కుర్చీలో కూర్చున్నారు. ఆమె రాసిన కాగితం చదివారు. మళ్ళీ చదివారు. ఉత్తర్వు ఫైలు ఆయన ముందే తెరిచి ఉంది. నీళ్ళు తాగారు. గడియారం చూశారు. నాలుగూ నలభై ఎనిమిది. వరండాలోంచి తవుడూ సువర్ణ గారూ తొంగి చూస్తున్నారు.

"సార్, ఆడిట్ వాళ్ళు..." అని మొదలుపెట్టాడు చక్రధర్.

"కాస్త పార్శ్వంగా జరగవయ్యా, వెలుతురు పడటం లేదు" అన్నారు ఏవో గారు.

చక్రధర్ జరిగాడు. ఏవో గారు కలం తీశారు. పాత ఫైళ్ళలో ఇలాంటిది ఉందా అని నన్ను అడుగుతారనుకున్నాను. అడగలేదు. నూకరత్నం మొహం వైపు, బహుశా మొదటిసారి, సూటిగా చూశారు. తరువాత రాశారు. "ఈమె నూకరత్నం. ఈమెను నేను ఎరుగుదును." కింద సంతకం పెట్టి, ఉత్తర్వు ఫైలు దగ్గరికి లాక్కున్నారు.